సినిమా ఏ పేజీ దగ్గర తప్పింది? కామిక్ పక్కన పెట్టుకుని లెక్క తీసే పద్ధతి

ఇష్టంగా చదువుకున్న కామిక్ సినిమాగా వచ్చి చప్పగా తేలిపోతే, హాలు బయట పార్కింగ్ దగ్గర వినిపించేవి రెండే మాటలు. "పుస్తకమే నయముండె" అని ఒకరు, "స్టూడియోవాళ్లు కరాబు చేసిన్రు" అని ఇంకొకరు. రెండూ నిజమే కావచ్చు గానీ వాటితో తేలేదేమీ లేదు. పుస్తకంలో ఏ పేజీ దగ్గర సినిమా దారి తప్పిందో, ఆ తప్పు తెర మీద ఏ నిమిషానికి బయటపడిందో వేలు పెట్టి చూపించగలిగితే అది విమర్శ. చూపించలేకపోతే ఉత్త అలక.

ఇక్కడ చెప్పేది ఆ వేలు పెట్టే పద్ధతి. హనుమకొండలోనో, కాజీపేటలోనో, కరీంనగర్‌లోనో ఐదారుగురు కలిసి చేసుకోగలిగేది. ఒక్కరే చేసుకున్నా పనికొస్తుంది. కావలసినవి కామిక్ సంకలనం, సినిమా, ఒక లాంగ్ నోట్‌బుక్, మూడు రంగుల స్టిక్కీ నోట్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. చదవడానికి నాలుగు గంటలు, సినిమా రెండుసార్లు చూడటానికి ఐదు, కూర్చుని మాట్లాడుకోవడానికి రెండు. మొత్తం పదకొండు గంటల పని. ఒక్క రోజులో కానిచ్చేద్దామనుకోకండి, సాయంత్రానికి ఏది పుస్తకంలో చదివారో ఏది తెర మీద చూశారో కలగాపులగం అవుతుంది. రెండు వారాలకు పంచుకోండి.

ఏ సినిమా తీసుకోవాలి

పాత్ర మీద తీసిన సినిమా వేరు, కథ మీద తీసిన సినిమా వేరు. 2011 నాటి గ్రీన్ లాంటర్న్ పాత్ర మీద తీసింది. ఆ సినిమాలో కనిపించే హాల్ జోర్డాన్ కామిక్స్‌లోకి వచ్చింది 1959లో. అప్పటి నుంచి వచ్చిన సంచికల్లో దేనితో పోల్చాలి? పోల్చడానికి ఒక హద్దు లేకపోతే ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన సంచిక పట్టుకొచ్చి వాదిస్తారు. మొదటి ప్రయత్నానికి అలాంటివి వద్దు. మొదలూ చివరా ఉన్న ఒకే ఒక్క కథను సినిమాగా తీసినదాన్ని ఎంచుకోండి.

నేర్చుకోవడానికి డార్క్ ఫీనిక్స్‌ను మించింది లేదు. పుట్టుకతో వింత శక్తులున్నవాళ్ల జట్టు ఎక్స్-మెన్, వాళ్ల కామిక్‌లో 1980లో 129 నుంచి 137 వరకు తొమ్మిది సంచికల్లో వచ్చిన కథ ఇది. రచన క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు జాన్ బర్న్, ఇంకింగ్, అంటే పెన్సిల్ గీతల మీద సిరా దిద్దే పని, టెర్రీ ఆస్టిన్. జట్టులోని జీన్ గ్రే అనే అమ్మాయికి అంతులేని శక్తి వస్తుంది, దాంతో ఫీనిక్స్ అన్న పేరూ వస్తుంది, చివరికి ఆ శక్తే ఆమెను మింగేస్తుంది. ఈ కథను రెండుసార్లు తెరకెక్కించారు. 2006లో 104 నిమిషాల ఎక్స్-మెన్: ది లాస్ట్ స్టాండ్‌లో సగం కథగా, 2019లో 114 నిమిషాల డార్క్ ఫీనిక్స్‌లో పూర్తి కథగా. రెండుసార్లూ కామిక్ అభిమానులు పెదవి విరిచారు. విచిత్రం ఏమిటంటే మొదటిదానికి ఇద్దరు రచయితల్లో ఒకరైన సైమన్ కిన్‌బర్గే రెండోదానికి రచయిత, దర్శకుడు. అంటే ఒకే కథ మీద ఒకే మనిషి రెండు ప్రయత్నాలు మన ముందున్నాయి. ఇంత చక్కగా కుదిరిన నమూనా మళ్లీ దొరకదు.

పుస్తకం చదవడం

వరంగల్ దుకాణాల్లో వెతుక్కునే బదులు సంకలనాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. పుస్తకం కొనే ముందు వివరాల్లో 129 నుంచి 137 సంచికలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇదే పేరుతో వేరే పుస్తకాలు కూడా అమ్ముతారు.

ట్యాబ్‌లో చదివేవాళ్లు ఒక్కో గడినీ, అంటే గీత కట్టిన ఒక్కో బొమ్మనీ, పెద్దది చేసి చూపించే సదుపాయాన్ని తప్పకుండా ఆపేయండి. అమెరికన్ కామిక్ పేజీ సుమారు 17 సెంటీమీటర్ల వెడల్పు, 26 ఎత్తు. ఆ పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేలా గీస్తారు. ఎడమ పేజీ చివరి గడిలో తలుపు చప్పుడు, పేజీ తిప్పితే లోపలికొచ్చిన మనిషి, ఇలా. గడికి గడి చూస్తే ఆ అమరిక పోతుంది. ఫోన్‌లో చదవడం ఇంకా అన్యాయం. ఏడు సెంటీమీటర్ల తెర మీద పేజీని కుదిస్తే అక్షరాలు కనబడవు, అక్షరాలు కనబడేలా పెంచితే పేజీ కనబడదు.

ఇంకో జాగ్రత్త జెరాక్స్ విషయంలో. ఐదుగురికి ఒకే పుస్తకం ఉంటే ముఖ్యమైన నాలుగైదు పేజీలు తీయించుకుందామని చౌరస్తాలో షాపుకు పోతారు. బ్లాక్ అండ్ వైట్ జెరాక్స్ ఈ కథకు పనికిరాదు. జీన్ మంచిగా ఉన్నంతసేపు ఆమె దుస్తులు ఆకుపచ్చ, బంగారు రంగు. డార్క్ ఫీనిక్స్ అయ్యాక ఎరుపు, బంగారు రంగు. జెరాక్స్‌లో ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ రెండూ నల్లగానే పడతాయి. కథలోని అతి పెద్ద మలుపును చిత్రకారుడు రంగుతో చెబితే, మీ కాగితం మీద అది కనబడకుండా పోతుంది. కలర్ ప్రింట్ తీయించండి, లేదంటే పుస్తకాన్నే చేతులు మార్చుకోండి.

మొదటిసారి ఆపకుండా చదివేయండి. రెండోసారి స్టిక్కీ నోట్లు అంటిస్తూ చదవండి. పాత్ర ఒక నిర్ణయం తీసుకున్న చోట పసుపు. మనసులో మాట బుడగల వల్లో, పెట్టె కట్టి రాసిన వ్యాఖ్యానం వల్లో మాత్రమే కథ తెలిసిన చోట గులాబీ. పేజీ అమరికే ఏదో చెబుతున్న చోట, అంటే పేజీ నిండా ఒకే బొమ్మ లేదా ఇరుకు గడుల వరుస ఉన్న చోట, ఆకుపచ్చ. ఈ పుస్తకంలో గులాబీ నోట్లు గుట్టగా పడతాయి. క్లేర్‌మాంట్ కలానికి ఆ ధారాళం ఎక్కువ, పాత్ర గాల్లో ఎగురుతూ దెబ్బలు తింటూ కూడా మూడు వాక్యాలు ఆలోచిస్తుంది. నేటి పాఠకులకు అది కాస్త బరువుగానే ఉంటుంది. కానీ సినిమాకు దొరకని సరుకు అదే కాబట్టి, గులాబీ నోటు పడిన ప్రతి చోటా సినిమా ఏం చేసిందో తర్వాత వెతకాలి.

గడికీ గడికీ మధ్య

కామిక్ చదవడం కొత్తవాళ్లకు రెండు గడుల మధ్య తెల్లటి ఖాళీలో ఏం జరుగుతుందో పట్టుబడదు. దీన్ని వివరించడానికి చేర్యాల పటాన్ని మించిన ఉదాహరణ మన దగ్గర లేదు. ఎర్రటి నేల మీద అడ్డగడులుగా విడదీసి, మధ్యలో పూల పట్టీలు గీసి, గజాల కొద్దీ పొడవున కథ నడిపిస్తారు. కూనపులివాళ్లు పద్మశాలీల ముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు పుల్లతో ఒక గడి చూపించి, పాట పాడి, మాట చెప్పి, తర్వాతి గడికి వెళ్తారు. రెండు గడుల మధ్య ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది కథకుడు. జనం కంటతడి పెడుతుంటే అక్కడే ఆగుతాడు, ఆవలిస్తుంటే ముందుకు పోతాడు.

కామిక్‌లో ఆ కథకుడి పని పాఠకుడిదే. ఒక గడి మీద పది సెకన్లు ఉండొచ్చు, పది నిమిషాలు ఉండొచ్చు, వెనక్కి పోయి మళ్లీ చూడొచ్చు. సినిమాలో ఆ పుల్ల దర్శకుడి చేతిలోకి పోతుంది. ఏ గడి దగ్గర ఎంతసేపు నిలబడ్డాడన్నదే మనం కొలవబోయేది.

ఒక చిన్న అభ్యాసం చేయండి. ఏదైనా ఒక పేజీలో మాటల బుడగలన్నిటినీ స్టిక్కీ నోట్లతో మూసేసి, పక్కవాళ్లకు బొమ్మలు మాత్రమే చూపించి కథ చెప్పమనండి. తర్వాత నోట్లు తీసేసి చదివించండి. వాళ్లు చెప్పినదానికీ రాసి ఉన్నదానికీ ఎంత తేడా ఉంటే, ఆ పేజీని తెరకెక్కించడం అంత కష్టమన్నమాట.

రిజిస్టర్

సినిమా మొదటిసారి మామూలుగా చూడండి. చేతిలో పెన్ను వద్దు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ ఫోన్ తీశారో అది మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

రెండోసారి చూసేటప్పుడు నోట్‌బుక్‌ను అడ్డంగా తిప్పి ఐదు గళ్లు కొట్టండి: సినిమాలో సమయం, జరిగింది ఏమిటి, ఎన్ని నిమిషాలు, కామిక్‌లో సంచిక-పేజీ, ఆ సన్నివేశం ఎవరిది. ఐదో గడి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చివరికి ఎక్కువ పనికొచ్చేది అదే. "ఎవరిది" అంటే తెర మీద ఎవరున్నారని కాదు, ఆ సన్నివేశంలో ఎవరి మనసు మారిందని. జీన్ ఏడుస్తూ ఉన్నా, ఆమెను ఏం చేయాలో పక్కవాళ్లు వాదించుకుని నిర్ణయిస్తే ఆ సన్నివేశం పక్కవాళ్లదే.

సమయం రాసేటప్పుడు టైటిల్స్ మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టండి. ఓటీటీలో ఒకరు, డిస్క్‌లో ఒకరు చూస్తే మొదట్లో వచ్చే కంపెనీ లోగోల వల్ల అంకెలు కొద్దిగా జరుగుతాయి, కూర్చున్నప్పుడు "నా దాంట్ల వేరేగుంది" అనే పంచాయితీ మొదలవుతుంది.

డార్క్ ఫీనిక్స్ మొదటి అరగంట రాయగానే ఒక చిక్కు ఎదురవుతుంది. కథ 1992లో, ఎండీవర్ షటిల్‌లో చిక్కుకున్న వ్యోమగాములను కాపాడటంతో ఊపందుకుంటుంది. అక్కడే జీన్ ఆ శక్తిని తనలోకి పీల్చుకుంటుంది. దానికి కామిక్‌లో పేజీ వెతికితే దొరకదు. ఎందుకంటే ఆ ఘట్టానికి మూలం 129వ సంచికలో లేదు. 1976లో వచ్చిన 100, 101 సంచికల్లో, జీన్ దెబ్బతిన్న షటిల్‌ను నడుపుతూ సౌర వికిరణంలోంచి జట్టును భూమికి చేర్చే కథలో ఉంది. అంటే మీ చేతిలోని పుస్తకం మొదలయ్యే నాటికే పాఠకులు ఫీనిక్స్‌తో మూడేళ్లకు పైగా కాపురం చేసి ఉన్నారు. ఆ గడిలో "101, సంకలనంలో లేదు" అని రాసి వదిలేయండి. దీని విలువ తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు పుస్తకం వైపు లెక్క. తొమ్మిది సంచికల్లో జీన్ పూర్తిగా డార్క్ ఫీనిక్స్‌గా మారేది 134 చివర. అంటే ఆరు సంచికలు ఆమె జారిపోవడానికే పోయాయి. మాస్టర్‌మైండ్ అనే మాయావి ఆమె ఎన్నడూ బతకని పాతకాలపు జీవితం చూపిస్తాడు, హెల్‌ఫైర్ క్లబ్ అనే దుష్ట ధనికుల ముఠాకు రాణిని చేస్తాడు, ఆమెకు అందులో రుచి కూడా పుడుతుంది. ఆ రుచి పుట్టడమే కథకు ప్రాణం. మిగిలిన మూడు సంచికల్లో ఒకటి ఆమె చేసే ఘోరానికి, ఒకటి ఆమెను పట్టుకోవడానికి, చివరిది శిక్షకు.

సినిమా రిజిస్టర్‌లో ఇదే వరుసను గీయండి. శక్తి రావడం, అదుపు తప్పడం మధ్య ఎన్ని నిమిషాలు పడ్డాయో కూడండి. హెల్‌ఫైర్ క్లబ్ అసలు లేదు, రుచి పుట్టే ఘట్టమూ లేదు. ఆరు వంతులు ఉండాల్సింది ఒకటీ ఒకటిన్నర వంతుకు కుంచించుకుపోయింది. అది కనబడగానే చాలామంది "నిడివి సరిపోలేదు" అని ముగించేస్తారు. అక్కడే ఆగకండి.

2006, 2019 సినిమాల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టండి. 2006లో జీన్‌గా నటించిన ఫామ్కే జాన్సెన్ అప్పటికే రెండు సినిమాల్లో ప్రేక్షకులకు దగ్గరైంది, రెండో సినిమా చివర జట్టు కోసం ప్రాణం ఇచ్చింది కూడా. కానీ మూడో సినిమాలో ప్రధాన కథ మ్యూటెంట్లకు, అంటే వింత శక్తులతో పుట్టినవాళ్లకు, ఆ శక్తులు పోయే మందు కనిపెట్టడం. ఆ మందు కథ పూర్తిగా వేరే కామిక్ నుంచి వచ్చింది. ఐదో గడి చూస్తే జీన్ పేరు వేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లే కనబడుతుంది. 2019లో కథంతా ఆమెదే, కానీ సోఫీ టర్నర్ జీన్‌గా ప్రేక్షకులకు తెలిసింది 2016లో వచ్చిన ఒకే ఒక్క సినిమాతో. ఒకదాంట్లో పరిచయం ఉంది, చోటు లేదు. ఇంకోదాంట్లో చోటు ఉంది, పరిచయం లేదు. "101, సంకలనంలో లేదు" అని రాసిన గడి విలువ ఇక్కడే తెలుస్తుంది. నిడివి పెంచితే మొదటిదానికి ఎంతో కొంత మేలు జరిగేదేమో గానీ రెండోదానికి జరిగేది కాదు. ఇలా విడదీయడానికే రిజిస్టర్.

జంపన్న వాగు పరీక్ష

మార్పు చేసిన ప్రతి చోటా తప్పు పట్టడం కామిక్ అభిమానుల జబ్బు. మన ప్రాంతంలో సమ్మక్క సారలమ్మ కథ ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు, ఎవరూ కొట్లాడుకోరు. సమ్మక్క అడవిలో దొరికిన తీరు మారొచ్చు, యుద్ధం ఎంతసేపు సాగిందన్నది మారొచ్చు. కానీ ఓటమి భరించలేక జంపన్న సంపెంగ వాగులో దూకడం తీసేస్తే? మేడారం పోయినవాళ్లు స్నానం చేసే వాగుకు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేరు. కథలో ఏ ముక్క మీద మిగతాదంతా నిలబడి ఉందో ఆ ముక్క జంపన్న వాగు. మిగతావి మార్చుకోవచ్చు.

కాబట్టి రిజిస్టర్‌లో కామిక్‌తో తేడా ఉన్న ప్రతి వరుసకూ ఒక ప్రశ్న వేయండి: ఇది మారడం వల్ల తర్వాత ఏది నిలబడకుండా పోయింది? జవాబు "ఏమీ లేదు" అయితే ఆ వరుస కొట్టేయండి. కథ 1980 నుంచి 1992కు జరగడం, దుస్తులు మారడం, కామిక్‌లోని కిట్టీ ప్రైడ్ అనే అమ్మాయి లేకపోవడం ఇలాంటివన్నీ కొట్టేయొచ్చు. యాభై తేడాల్లో నాలుగైదు మిగిలితే మీరు సరిగ్గా చేస్తున్నట్టు.

డార్క్ ఫీనిక్స్‌లో తప్పకుండా మిగిలేది 135వ సంచిక దగ్గరిది. ఆకలితో ఉన్న జీన్ ఒక నక్షత్రం గుండెలోకి దూకి దాని శక్తినంతా తాగేస్తుంది. నక్షత్రం పేలిపోతుంది. దాని చుట్టూ తిరిగే డిబారి గ్రహం మీద 500 కోట్ల ప్రాణాలు బూడిదైపోతాయి. ఆమె పగబట్టి చేసింది కాదు, వాళ్లు ఉన్నారన్న పట్టింపే లేదు. అంతకంటే భయంకరం ఏముంటుంది? తర్వాత వచ్చేదంతా దీని మీదే నిలబడింది: షియార్ అనే గ్రహాంతర సామ్రాజ్యం శిక్ష వేయమనడం, చంద్రుడి మీద ద్వంద్వ యుద్ధం, తోటివాళ్లు ఆమె పక్షాన నిలబడాలా వద్దా అని రాత్రంతా తర్జనభర్జన పడటం, చివరికి మళ్లీ ఎప్పుడు అదుపు తప్పుతానో తెలియదని గ్రహించి జీన్ తన ప్రాణం తానే తీసుకోవడం.

2019 సినిమాలో డిబారి గ్రహం ఉంది. కానీ ఆ శక్తి జీన్‌ను చేరకముందే దాన్ని నాశనం చేసిందని చెబుతారు. బతికి బయటపడ్డ డిబారివాళ్లే విలన్లుగా వస్తారు. కామిక్‌లో బాధితులు, సినిమాలో దుర్మార్గులు. జీన్ ఖాతాలో మిగిలింది జట్టులోని మిస్టిక్ మరణం, అది కూడా పొరపాటున జరిగింది. పాపం అంత చిన్నదైతే శిక్ష అంత పెద్దదిగా ఎలా ఉంటుంది? అందుకే కామిక్‌లో "ఈమెను క్షమించగలమా" అన్న ప్రశ్న సినిమాలో "ఈమెను ఎవరు కాపాడతారు" అన్న ప్రశ్నగా మారిపోయింది. చివరి రైలు పోరాటం బాగా తీశారా లేదా అన్నది ఇక రెండో మాట. వాగు ఎండిపోయింది అంతే.

ఇక్కడే "స్టూడియోవాళ్లు వేలు పెట్టిన్రు" అన్న మాటను కూడా తూకం వేయాలి. 2019 సినిమా చివరి భాగాన్ని మళ్లీ తీశారు, అంతరిక్షంలో ఉండాల్సిన ముగింపు భూమి మీద రైలుకు మారింది, విడుదల 2018 నవంబర్ నుంచి 2019 జూన్‌కు జరిగింది. నిజమే. కానీ కామిక్ ముగింపు కూడా పైవాళ్లు మార్పించిందే. క్లేర్‌మాంట్, బర్న్ మొదట అనుకున్న ముగింపులో జీన్ శక్తి తీసేస్తారు, ఆమె బతుకుతుంది. ఒక గ్రహాన్ని చంపిన మనిషి అంత తేలిగ్గా ఎలా బయటపడుతుందని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడంతో 137వ సంచిక చివరి పేజీలు మార్చారు. ఆ పాత ముగింపును 1984లో విడిగా అచ్చు వేశారు కూడా. చరిత్రలో నిలిచిపోయిన ఆ మరణం ఆఫీసు ఒత్తిడికి పుట్టిందే. కాబట్టి మార్పించినవాడు ఎవడన్నది కాదు, మార్పు పాపానికి తగ్గ శిక్ష వైపు పోయిందా, దూరంగా పోయిందా అన్నది రాయండి.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే కేసు ఒకటి చెప్పుకోవాలి. 1986, 87 సంవత్సరాల్లో 12 సంచికలుగా వచ్చిన వాచ్‌మెన్‌ను 2009లో తీసినప్పుడు చాలా గడులను ఉన్నదున్నట్టు తెర మీదికి దింపారు. ఆ కామిక్‌లో ఎక్కువ పేజీలు తొమ్మిది సమాన గడులవి. తన్నులాటకూ, టీ తాగడానికీ ఒకే సైజు గడి, అంటే ఒకే తాళం. సినిమాలో తన్నులాటలను స్లో మోషన్‌లో సాగదీశారు. బొమ్మ సరిపోయింది, తాళం తప్పింది. రిజిస్టర్‌లో "ఎన్ని నిమిషాలు" గడి లేకుండా బొమ్మలు మాత్రమే పోల్చినవాళ్లకు ఈ తప్పు దొరకదు.

కూర్చోవడం

సినిమా మొత్తం అందరికీ వేసి చూపించే ఏర్పాటు పెట్టుకోకండి. ఇంట్లో కుటుంబంతో చూడటం వేరు, గ్రంథాలయంలోనో కాలేజీ హాల్లోనో నలుగురిని పిలిచి వేయడం వేరు, దానికి హక్కుదారుల అనుమతి కావాలి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికి వీలిస్తుంది. ఎవరికి వారు ముందే చూసి రావాలి, కూర్చున్న చోట రెండు మూడు నిమిషాల ముక్కలు నాలుగు మాత్రం వేయాలి. అసలు చర్చకు అదే మేలు, రెండు గంటల సినిమా చూశాక ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండదు.

పన్నెండు మంది లోపయితే 43 అంగుళాల టీవీ సరిపోతుంది. ప్రొజెక్టర్ పెట్టాలంటే 100 అంగుళాల బొమ్మకు తెర వెడల్పు సుమారు 221 సెంటీమీటర్లు, ఎత్తు 125. త్రో రేషియో 1.5 ఉన్న, అంటే బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం కావాల్సిన, ప్రొజెక్టర్‌ను తెరకు 11 అడుగుల దూరంలో పెట్టాలి. ఇంట్లో పది అడుగుల గది అయితే ముందే కొలుచుకుని బొమ్మ తగ్గించుకోండి. దుప్పటి కట్టకండి, వెలుతురు వెనక్కి కారిపోయి కామిక్ రంగులు వెలిసిపోతాయి. పాత ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటే అది మేలు, కాకపోతే మెరుపు లేని వైపు చూసుకోవాలి. ఓటీటీ నుంచి ల్యాప్‌టాప్ ద్వారా వేస్తే కొన్ని కేబుళ్లతో మాట వినిపించి బొమ్మ నల్లగా వస్తుంది. అది కాపీ రక్షణ వల్ల, ప్రొజెక్టర్ చెడిపోయిందని విప్పకండి. ముందురోజే అదే కేబుల్‌తో వేసి చూసుకోండి. బ్లూటూత్ స్పీకర్‌లో మాట పెదవుల కంటే వెనకబడుతుంది, ఆక్స్ వైరు వాడండి. ఎండాకాలం కరెంటు పోతే ల్యాంపు ప్రొజెక్టర్ ఫ్యాను ఆగకుండా చల్లబడే వరకైనా నడిచేలా చిన్న యూపీఎస్ మీద పెట్టండి.

మాట్లాడే వరుస ముఖ్యం. కామిక్ చదవనివాళ్లు ముందు మాట్లాడాలి. చదివినవాళ్లు మొదలుపెడితే చదవనివాళ్లు నోరు మూసుకుంటారు, అప్పుడు సినిమా తనంతట తాను నిలబడిందా అన్న సంగతి ఎప్పటికీ తేలదు. మొదటి ఇరవై నిమిషాలు "కామిక్‌ల అయితే" అనే మాట నిషేధం.

"ఆమె రాంగనే గంత కోపమెందుకన్నా? ఇప్పుడిప్పుడే గద మనకు తెలిసింది."

"కామిక్‌ల అయితే ముందటి నుంచే..."

"ఆగు తమ్మీ, నీ వంతు ఇంక రాలే. ఎన్నో నిమిషంల గట్ల అనిపించింది చెల్లే?"

ఇలా నడవాలి. ఆ చెల్లెలు చెప్పిన నిమిషం బోర్డు మీద రాయండి. తర్వాత చదివినవాళ్ల వంతు వచ్చినప్పుడు ఆ నిమిషానికి ఎదురుగా సంచిక-పేజీ రాయాలి. చదవనివాళ్లకు గుచ్చుకున్న నిమిషం, చదివినవాళ్ల జంపన్న వాగు ఒకే చోట కలిస్తే అది సినిమా తప్పు. చదివినవాళ్లకు మాత్రమే గుచ్చుకుంటే అది చాలావరకు మమకారం. చదవనివాళ్లకు మాత్రమే గుచ్చుకుంటే చిత్రీకరణలోనో ఎడిటింగ్‌లోనో లోపం ఉండొచ్చు, దానికి కామిక్‌తో పని లేదు.

జనగామ, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లు బస్సు చూసుకోవాలి కాబట్టి మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి ఐదింటికి లేవండి.

రాసేటప్పుడు

800 మాటలు దాటకండి. మొదటి పేరాలో కామిక్ రచయిత పేరుతో పాటు చిత్రకారుడు, ఇంకర్, రంగులు వేసినవారు, అక్షరాలు రాసినవారి పేర్లు ఇవ్వండి. ఈ కథకు ఎక్కువ సంచికల్లో ఆ చివరి రెండు పనులు చేసింది గ్లినిస్ వీన్, టామ్ ఆర్జెకౌస్కీ. మిగిలిన నాలుగైదు తేడాల్లోంచి ఒకటే తీసుకోండి, రెండోది ఎంత ముద్దొచ్చినా ఇంకో రోజుకు ఉంచండి. నటీనటుల మీద తీర్పులు, పదికి ఇన్ని మార్కులు వద్దు. పేరా ఇలా ఉంటే సరిపోతుంది:

"కామిక్ 135వ సంచికలో జీన్ నక్షత్రాన్ని తాగేసినప్పుడు చనిపోయినవాళ్లు 500 కోట్లు. సినిమాలో అదే గ్రహం ఆమెకు సంబంధం లేకుండా ముందే నాశనమై ఉంటుంది. రెండో సగంలో సైన్యం ఆమెను వేటాడుతున్నప్పుడు మనకు ఆమె మీద భయం కలగదు, జాలి మాత్రమే కలుగుతుంది. భయం లేకపోవడంతో చివర ఆమె ఆకాశంలో పేలిపోవడం త్యాగంగా కనిపిస్తుందే గానీ, తీర్పుగా కనిపించదు."

పోస్ట్ చేసే ముందు ఆ పేరాలో ఉన్న ప్రతి వాక్యానికీ రిజిస్టర్‌లో వరుస ఉందో లేదో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోండి. వరుస లేని వాక్యం కొట్టేయండి. రిజిస్టర్‌లో చివరి నాలుగు పేజీలు ఖాళీగా వదలండి. డైరెక్టర్స్ కట్, అంటే దర్శకుడు తనకు నచ్చినట్టు కూర్చిన రూపం, వచ్చిందని ఎవరో ఒకరు ఆర్నెల్ల తర్వాత పట్టుకొస్తారు, అప్పుడు మళ్లీ గళ్లు కొట్టాల్సి వస్తుంది.